వేళ్ళు చెప్పే గుండె కబురు



మార్గశిరం వచ్చిందంటే మా మల్దకల్‌లో తిమ్మప్ప జాతర సందడి. వాకిళ్ళు అలుకుడు, చుట్టాల రాక, తెల్లవారుజామున వణుకుతూ తలస్నానాలు. పదిహేనేళ్ళ కిందట అలాంటి ఒక పొద్దున మా పెద్దమ్మ చన్నీళ్ళ బకెట్లోంచి చెయ్యి పైకి తీసి నాకు చూపించింది. నాలుగు వేళ్ళ కొసలు సున్నం పూసినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. చూస్తూండగానే నేరేడుపండు రంగుకి తిరిగాయి. పొయ్యి దగ్గర కాచుకుంటే ఎర్రబడి మంట పుట్టాయి.

"ఏందే ఇది, వేళ్ళు సచ్చిపోయినట్లయితున్నయి" అంది.

"చలికి పెద్దమ్మా, ఏం గాదు" అన్నాను నేను.

ఆ "ఏం గాదు" అన్న మాట ఎంత తప్పో తెలుసుకునేసరికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ సంగతే ఇవాళ మీతో చెప్పుకుందామని. నేను డాక్టర్ని కాను, పదోతరగతి దాటి చదివినదాన్నీ కాను. కాని తప్పు చేసినవాళ్ళకి ఆ తప్పు చరిత్ర తెలుసుకోవాలనిపిస్తుంది. అలా అడిగి, చదివి, మళ్ళీ అడిగి తెలుసుకున్న ముచ్చట ఇది.

పెద్దమ్మ నేతగాళ్ళకి కండెలు చుట్టేది. గద్వాల చీర సంగతి మీకు తెలిసిందే. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండింటినీ మగ్గం మీదే పోగుకి పోగు కలిపి నేస్తారు. అంత సన్నని పనికి కండె చుట్టే వేళ్ళు చురుగ్గా ఉండాలి. ఆ వేళ్ళే క్రమంగా లావెక్కాయి, తరవాత బిగుసుకున్నాయి. చర్మం పట్టుకుని లాగితే మడత పడేది కాదు. నోరు చిన్నదై, ముద్ద కాస్త పెద్దదైతే లోపలికి పోయేది కాదు. మొహం మీద ముడతలు మాత్రం మాయమయ్యాయి. "పెద్దమ్మకి వయసు వెనక్కి పోతుంది" అని మేమంతా నవ్వులాటలాడాం. ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

ఏళ్ళ తరబడి చర్మానికి పైపూత మందులు వాడింది. ఆ తరవాత ఆయాసం మొదలైంది. నీళ్ళబిందె చంకనెత్తుకుని సగం దారిలో ఆగేది. ఒకచోట ఉబ్బసం అన్నారు. ఛాతీ ఎక్స్‌రే తీసి ఫరవాలేదన్నారు. నేను పసుపు వేసి ఆవిరి పట్టించాను. చివరికి పట్నంలో ఒక డాక్టరమ్మ ఆ వేళ్ళు చూడగానే, "ఈమెకి గుండె స్కానింగు ఎప్పుడు తీయించారు?" అని అడిగింది. ఎప్పుడూ తీయించలేదు. చర్మం జబ్బుకి గుండె స్కానింగేమిటని మాకెవరికీ తోచలేదు. తీయించిన నాటికి గుండె కుడిభాగం ఉబ్బి, అలిసిపోయి ఉంది. మళ్ళీ జాతర చూడకుండానే పెద్దమ్మ వెళ్ళిపోయింది.

ఆ జబ్బు పేరు స్క్లెరోడెర్మా. గ్రీకు భాషలో 'స్క్లెరోస్' అంటే గట్టిది, 'డెర్మా' అంటే చర్మం. పేరులో చర్మమే ఉన్నా జబ్బు చర్మంతో ఆగదు. మన ఒంట్లో కాపలా కాయవలసిన రక్షణశక్తి దారి తప్పి సొంత ఇంటి మీదే పడుతుంది. సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. పుండు మానేటప్పుడు పుట్టే పీచులాంటి పదార్థం అక్కర లేనిచోట పేరుకుంటుంది. చర్మంలో, అన్నవాహికలో, ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో, గుండెలో కూడా. ఇది అంటుకునేది కాదు, దిష్టీ కాదు, ఎవరి పాపమూ కాదు. అరుదైన జబ్బే. కాని మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి మూడు నాలుగు రెట్లు ఎక్కువ వస్తుంది. అందుకే ఈ పేజీలో చెప్పుకోవలసిన మాట అయింది.

మన పాలమూరు వైపు వారికి ఇంకో ముక్క చెప్పాలి. 1914లో ఎడింబరోలో బైరమ్ బ్రామ్‌వెల్ అనే డాక్టరు రాళ్ళు చెక్కే పనివాళ్ళలో ఈ జబ్బు కనిపించడం గమనించాడు. 1957లో దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లో ఎరాస్మస్ అనే ఆయన అదే చూశాడు. రాతిపిండి దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చినవారికి ఈ ముప్పు పెరుగుతుందని తేలింది. ఆనకట్టలకీ, రోడ్లకీ, రాళ్ళ క్వారీలకీ దేశం నలుమూలలా వలస పోయిన 'పాలమూరు లేబరు' మన ఇళ్ళలోని వాళ్ళే కదా. వాళ్ళలో ఎవరి వేళ్ళయినా చలికి తెల్లబడుతుంటే చలి అని తోసెయ్యకండి.

ఇక చరిత్రలోకి వెడదాం. 1753లో ఇటలీలోని నేపుల్స్ నగరంలో కార్లో కుర్జియో అనే వైద్యుడు ఒక పదిహేడేళ్ళ పిల్ల కథ అచ్చు వేయించాడు. ఆ పిల్ల ఒళ్ళంతా చర్మం కొయ్యలా బిగిసింది. వెచ్చని పాలు, ఆవిరి స్నానాలు, నెత్తురు తీయడం, ఆఖరికి పాదరసం. అప్పట్లో తెలిసిన వైద్యమంతా చేశాడు. పిల్ల కోలుకుంది. అది నిజంగా ఈ జబ్బేనా అని ఈనాటి డాక్టర్లలో కొందరికి అనుమానమే. కాని ఈ జబ్బు కథ అక్కణ్ణించే మొదలుపెట్టడం ఆనవాయితీ. 1862లో పారిస్‌లో మోరిస్ రేనో అనే యువ డాక్టరు, చలికి వేళ్ళు తెల్లబడి, నీలమై, ఎర్రబడే తీరును వివరించాడు. నాటి నుంచీ దానికి ఆయన పేరే. చలికి వేళ్ళు తెల్లబడిన వాళ్ళందరికీ స్క్లెరోడెర్మా వస్తుందని కాదు, చాలామందికి రాదు. కాని స్క్లెరోడెర్మా వచ్చినవాళ్ళలో దాదాపు అందరికీ ముందుగా వచ్చే కబురు ఆ వేళ్ళే.

ఇన్నాళ్ళూ చూపంతా పైన చర్మం మీదే. గుండె మీద గట్టిగా దృష్టి పెట్టింది అమెరికాలో బోస్టన్ నగరపు డాక్టరు సోమా వైస్, ఆయన సహచరులు. ఆయన హంగరీ దేశం నుంచి వచ్చినవాడు. తొమ్మిది మంది రోగులను పరిశీలించి, చర్మాన్ని బిగించిన ఆ పీచే గుండె కండరంలోనూ పేరుకుంటుందని రాశారు. ఆ వ్యాసం 1943లో వెలువడింది. అప్పటికి వైస్ కన్నుమూసి ఏడాది దాటింది.  1945లో దక్షిణాఫ్రికాలో గెట్జ్ అనే డాక్టరు, ఇది చర్మం జబ్బు కాదు, ఒళ్ళంతటి జబ్బు అని చెప్పేటట్టుగా పేరే మార్చాలన్నాడు. చూశారా, చర్మం నుంచి గుండె దాకా రావడానికి వైద్యానికి 190 ఏళ్ళు పట్టింది.

తెలియడమైతే తెలిసింది. కాని బతికున్న మనిషి గుండెలోకి చూడ్డం ఎలా? స్టెతస్కోపుకి చప్పుడే వినిపిస్తుంది. ఎక్స్‌రేలో నీడే కనిపిస్తుంది. ఇ.సి.జి.లో విద్యుత్తు గీతలే తెలుస్తాయి. తలుపు సరిగా మూసుకుంటున్నదా, గోడ సరిగా కదులుతున్నదా అన్నది వీటిలో దేనికీ తిన్నగా తెలియదు.

ఆ దారి దొరికింది ఓడలు కట్టే చోట. స్వీడన్ దేశంలో లుండ్ అనే ఊళ్ళో ఇంగె ఎడ్లర్ అనే గుండె డాక్టరు ఉండేవాడు. గుండెలోని ద్విపత్ర కవాటం మూసుకుపోయిన రోగులకి ఆపరేషను చేసే ముందు, అది ఇరుకైందా లేక కారుతోందా అని తేల్చుకోవడం ఆయన బాధ. చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం వచ్చి గుండె పాడైన పిల్లలు మన ఊళ్ళలోనూ ఎంతమందో, మీకు తెలియనిది కాదు. కార్ల్ హెల్‌ముత్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త ఆయనకి తోడయ్యాడు. మాల్మో రేవులో ఓడల ఇనుప రేకుల అతుకుల్లో పగుళ్ళు వెదకడానికి, చెవికి వినపడని శబ్దాన్ని పంపి ప్రతిధ్వని పట్టే యంత్రం ఒకటి ఉండేది. 1953లో హెర్ట్జ్ అక్కడికి పోయి ఆ యంత్రాన్ని తన సొంత ఛాతీ మీదే పెట్టుకుని చూశాడు. గుండె నుంచి ప్రతిధ్వని వచ్చింది! తరవాత సీమెన్స్ కంపెనీ నుంచి అలాంటి యంత్రమే అరువు తెచ్చి, ఆ ఏడాది అక్టోబరు 29న ఇద్దరూ కలిసి గుండె కదలికను మొదటిసారి నమోదు చేశారు. మొదట్లో తెరమీది ఒక గీతను ఎడ్లర్ గుండె గోడ అనుకున్నాడు. అది కవాటం రేకు అని కొన్నాళ్ళకి తేల్చుకుని తన తప్పు తనే దిద్దుకున్నాడు. 1977లో వాళ్ళిద్దరికీ లాస్కర్ బహుమతి వచ్చింది.

మనం గర్భిణిగా ఉన్నప్పుడు తీయించుకునే స్కానింగుకి కూడా ఇదే పుట్టుక. గ్లాస్గోలో ఇయన్ డోనాల్డ్ అనే ప్రసూతి డాక్టరు కూడా ఫ్యాక్టరీలో లోహాల పగుళ్ళు వెదికే యంత్రంతోనే మొదలుపెట్టి, 1958లో తన ఫలితాలు ప్రకటించాడు. బిడ్డను చూపించిన శబ్దమే గుండెనూ చూపిస్తుంది. డాక్టర్లు దీన్ని ఎకో అంటారు. ఎకో అంటే ప్రతిధ్వనే. చిన్నప్పుడు దిగుడుబావిలోకి తొంగిచూసి "ఓ" అని అరిస్తే బావి మనకి బదులు చెప్పేది కదూ? బావి లోతును బట్టి ఆ బదులు ఆలస్యమయ్యేది. ఇదీ అంతే. కాకపోతే ఈ శబ్దం సెకనుకి ఇరవై లక్షల సార్లకి పైగా కంపిస్తుంది. మన చెవికి ఇరవై వేలు దాటితేనే వినపడదు. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఛాతీ మీద చల్లని జిగురు రాసి, సబ్బుబిళ్ళంత పరికరం ఆనిస్తారు. సూది లేదు, కోత లేదు, ఎక్స్‌రే కిరణాలూ లేవు.

1965లో అమెరికాలో హార్వే ఫైగెన్‌బామ్ అనే డాక్టరు, గుండె చుట్టూ సంచిలో నీరు చేరితే ఈ యంత్రం పట్టిస్తుందని చూపించాడు. స్క్లెరోడెర్మాలో అలా నీరు చేరడం ఉన్నదే. 1979లో అమెరికాలో రెండు డాక్టర్ల బృందాలు స్క్లెరోడెర్మా రోగులకి ఎకో తీసి, చూసినది ఒకే వైద్యపత్రికలో ప్రకటించాయి. చర్మం డాక్టరు చూసే రోగి గుండె డాక్టరు గదిలోకి అడుగుపెట్టిన కాలం అది.

అయినా అసలు దొంగ ఇంకా దొరకలేదు. ఆ దొంగ ఎవరంటే, గుండె నుంచి ఊపిరితిత్తులకి పోయే రక్తనాళాల్లో పెరిగే ఒత్తిడి. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ వేరు, ఇది వేరు. ఆ సన్ననాళాలు బిగుసుకుపోతే, వాటిలోకి రక్తం తోసే గుండె కుడిభాగం కష్టపడి కష్టపడి ఉబ్బిపోతుంది. స్క్లెరోడెర్మా ఉన్నవారిలో నూటికి ఎనిమిది నుంచి పన్నెండు మందికి ఇది వస్తుంది. మొదట్లో ఏమీ తెలియదు. ఆయాసం తెలిసేటప్పటికి జబ్బు చాలా దూరం నడిచి ఉంటుంది. మా పెద్దమ్మకి జరిగింది ఇదే.

చేతికి అందని ఆ ఒత్తిడిని కొలిచే ఉపాయం రైలు కూతలో దొరికింది. గద్వాల స్టేషన్లో నిలబడి వినండి. బండి మన వైపు వస్తుంటే కూత సన్నగా, మనల్ని దాటి పోతుంటే బొంగురుగా వినిపిస్తుంది. ఈ సూత్రం క్రిస్టియన్ డాప్లర్ 1842లో చెప్పాడు. 1845లో నెదర్లాండ్స్‌లో బాయిస్ బాలట్ అనే ఆయన బాకా ఊదేవాళ్ళను నిజంగానే రైలెక్కించి పరీక్షించాడు. గుండెలో పరుగెత్తే రక్తం నుంచి తిరిగొచ్చే శబ్దానికీ ఇదే వర్తిస్తుంది. శబ్దం ఎంత మారిందో తెలిస్తే రక్తం ఎంత వేగంగా పోతోందో తెలుస్తుంది. వేగం తెలిస్తే ఒత్తిడి లెక్క కట్టవచ్చునని నార్వే దేశపు డాక్టరమ్మ లివ్ హాట్లే, ఆమె తోటివారు 1970లలో చూపించారు. 1984లో అమెరికాలో యాక్, పాప్ అనే ఇద్దరు దాన్ని గుండె కుడివైపుకి వర్తింపజేశారు.

లెక్క మనకి తెలిసిన ఎక్కాలే. గుండె కుడివైపు రెండు గదుల మధ్య తలుపు చాలామందికి రవ్వంత కారుతుంది. ఆ కారే రక్తం వేగం సెకనుకి 3 మీటర్లు అనుకోండి. మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది నాలుగులు ముప్ఫయి ఆరు. దానికి పైగదిలో ఉండే ఒత్తిడి కొంచెం కలిపితే ఊపిరితిత్తుల నాళాల్లో పై ఒత్తిడి అంచనాకి వస్తుంది. ఆ వేగం 2.8 దాటితే డాక్టర్లకి అనుమానం. 3.4 దాటితే ఆ అనుమానం బలపడుతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ జబ్బులో మరో మార్పు జరిగింది. పూర్వం స్క్లెరోడెర్మా రోగులను ఎక్కువగా పొట్టనబెట్టుకున్నది మూత్రపిండాలు. కాప్టోప్రిల్ లాంటి బీపీ మందులు వచ్చాక అది అదుపులోకి వచ్చింది. అమెరికాలో స్టీన్, మెడ్స్‌గర్ అనే డాక్టర్లు లెక్క తీస్తే, ఈ జబ్బు వల్ల జరిగే మరణాల్లో మూత్రపిండాల వాటా 1970లలో నూటికి 42 ఉన్నది, 2000 సంవత్సరం నాటికి 6కి పడిపోయింది. ఒక తలుపు మూసేసరికి దొంగ ఇంకో తలుపు దగ్గర కనిపించాడు. ఊపిరితిత్తులు, గుండె ముందుకొచ్చాయి. అందుకే ఎకో ఇంత ముఖ్యమైంది. పైగా 2001లో బోసెంటాన్, 2005లో సిల్డెనాఫిల్ ఈ ఒత్తిడికి మందులుగా ఆమోదం పొందాయి. మందు లేని రోజుల్లో పట్టుకున్నా చేసేది తక్కువ. ఇప్పుడు అలా కాదు.

ముందుగా పట్టుకుంటే లాభమెంత? ఫ్రాన్సులో ఒక పరిశీలన జరిగింది, 2011లో ప్రకటించారు. ఆయాసంతో తామే వచ్చిన 16 మందిని, వరసగా చేసే పరీక్షల్లో ముందే దొరికిన 16 మందిని పోల్చారు. ఎనిమిదేళ్ళ తరవాత, తామే వచ్చినవారిలో నూటికి 17 వంతున బతికి ఉన్నారు. ముందే దొరికినవారిలో నూటికి 64 వంతు. తక్కువమందితో చేసిన లెక్క అది. ముందు కనిపెడితే ఆ ఏళ్ళు లెక్కలో ఎక్కువగా కనబడతాయి కూడా, ఆ మాటా ఒప్పుకోవాలి. అయినా తేడా చూడండి! అందుకే స్క్లెరోడెర్మా ఉన్నవారికి ఆయాసం లేకపోయినా సరే ఏడాదికోసారి ఈ ఒత్తిడి ముప్పు ఉందేమో చూడాలని 2022లో యూరప్ గుండె, ఊపిరితిత్తుల డాక్టర్ల సంఘాలు కూడా చెప్పాయి.

ఎకో ఒక్కటే చాలునా? చాలదు. అది అంచనా, తీర్పు కాదు. కొందరిలో ఆ తలుపు కారదు, అప్పుడు వేగం దొరకదు. అందుకని ఊపిరి పరీక్ష, ఇ.సి.జి., ఒక రక్తపరీక్ష కూడా కలిపి చూస్తారు. అనుమానం గట్టిపడితే, సన్నని గొట్టం రక్తనాళం గుండా గుండె కుడివైపుకి పంపి ఒత్తిడి తిన్నగా కొలుస్తారు. 1929లో జర్మనీలో ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు తన చేతి నరంలోంచి తన గుండెలోకే గొట్టం పంపుకుని దీనికి దారి వేశాడు. 1956లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ పరీక్ష కాకుండా ఈ ఒత్తిడి జబ్బు ఉన్నదని ఖాయం చెయ్యకూడదు.

మా పెద్దమ్మ పోయిన కొన్నేళ్ళకి మా తోడికోడలు ఒకరోజు చేతులు చాచి, "అక్కా, చూడు, నా వేళ్ళు గూడ పెద్దమ్మ వేళ్ళ లెక్కనే అయితున్నయి" అంది. ఈసారి నేను "ఏం గాదు" అనలేదు. హైదరాబాదు తీసుకుపోయాం. కీళ్ళవాతాలూ ఇలాంటి జబ్బులూ చూసే రుమటాలజీ డాక్టరుకి చూపించాం. చర్మం బిగుసుకోవడానికి మెథోట్రెక్సేట్ అనే మాత్ర ఇచ్చారు. ఆ మాత్ర మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో అమెరికాలో తయారైన మందుల కుటుంబంలోదని తెలిసి నాకు ధైర్యం వచ్చింది. ఏడాదికోసారి ఎకో తప్పనిసరి అన్నారు. మొదటి ఏడు బాగుంది, రెండో ఏడూ బాగుంది. "ఇంక దేనికక్కా, చార్జీలు దండగ" అంది. నేను వినలేదు. మూడో ఏడు ఆ వేగం పెరిగి కనిపించింది. గొట్టం పరీక్షలో ఖాయమైంది. మందు మొదలుపెట్టారు. జబ్బు పోయిందని చెప్పను, అది పోయేది కాదు. కాని నిరుడు జాతరలో ఆమె నా పక్కన నడిచింది. మధ్యలో ఆగకుండా నడిచింది.

మన గద్వాల 2016లో జిల్లా అయింది. 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. పెద్ద డాక్టర్లు దగ్గరవుతున్నారు. కాని డాక్టరు దగ్గరికి వెళ్ళాలని తోచడం మన చేతిలోనే ఉంది. చలికి వేళ్ళు తెల్లబడితే చూపించండి. చర్మం బిగుస్తుంటే పైపూతతో సరిపెట్టుకోకండి. ఈ జబ్బని తేలితే, "గుండె ఎకో ఎప్పుడు తీయించాలి?" అని మీరే అడగండి. రాసిచ్చిన కాగితాలు ఏ ఏటికా ఏడు ఒక సంచిలో దాచండి. కిందటేటి అంకెకీ ఈ ఏటి అంకెకీ తేడాయే డాక్టరుకి కావలసిన కబురు.

ఇంట్లో ఎవరైనా చెయ్యి చాచి చూపిస్తే, ఒక్క నిమిషం పొయ్యి తగ్గించి, ఆ చెయ్యి పట్టుకుని చూడండి. మా పెద్దమ్మ నాకు చూపించినప్పుడు నేను చెయ్యని పని అది.

మరి సెలవు.